దన్ను పెట్టనిదే చెయ్యి పెట్టకు: ఎద్దులబండి నుంచి బెంజి దాకా మా షెడ్డు కథ

కోవిల్పట్టిలో మా షెడ్డుకు ఎవరు వచ్చినా మూలనున్న రెండు తుమ్మమొద్దులను చూసి అడుగుతారు, "ఇవి ఇంకా ఏంటికి పెట్టుకున్నారు?" అని. నల్లగా నూనె పట్టి, అంచులు అరిగి ఉంటాయి. మా ముత్తాత పత్తిబండి చక్రం ఊడదీసేటప్పుడు ఇరుసు కింద పెట్టిన దన్నులు అవి. తాత వాటినే లారీ కింద పెట్టినాడు, పెదనాయన కారు కింద పెట్టినాడు. పోయిన సంక్రాంతికి మేము మళ్ళీ పెట్టినాము.

ఆ నాలుగోసారి సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాము. కోయంబత్తూరులో ఉండే మా తమ్ముడి కొడుకు పాత బెంజి ఎస్టేటు ఒకటి కొన్నాడు. వెనక భాగం తనంతట తానే ఎత్తు సరిచేసుకునే బండి అది. ఇప్పుడు వెనక కూలబడిపోయింది. "పెద్దనాయనా, పార్టులు తెప్పించినాను, నేనే మార్చుకుంటాను, చూసి చెప్పండి" అన్నాడు. మేము ఫోనులో చెప్పం, బండి ఇక్కడికి తెమ్మన్నాము. ఎందుకో చెప్పాలంటే మా ఇంటి కథ కొంచెం చెప్పాలి.

పత్తి, నూనె, రెండు ఊర్లు

మన తెలుగువాళ్ళు ఈ కరిసల్ కాడుకు, అంటే నల్లరేగడి భూమికి, విజయనగరం, మదురై నాయకుల కాలంలో వచ్చి నిలిచినారు. ఆ వలస కథను ఇక్కడికి దగ్గరలోని ఇడైసేవల్ ఊరివాడు కీ. రాజనారాయణన్ తమిళంలో 'గోపల్ల గ్రామం' నవలగా రాసినాడు. తరువాత 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆయన రాసింది మడకలు, బావులు, మనుషుల గురించి. ఆ మనుషులే తరువాత లారీలు, పంపుసెట్లు, ట్రాక్టర్లు పట్టుకున్న కథ మాత్రం ఇండ్లలోనే ఉండిపోయింది. మాది అట్లాంటి ఇల్లే.

నల్లరేగడి అంటే పత్తి. ఈ సీమ పత్తికి ఇంగ్లండు బజారులో 'తిన్నెవెల్లి' అనే పేరు ఉండేది. 1876లో మదురై నుంచి తూత్తుకుడికి రైలుదారి పడినాక విరుదునగర్, కోవిల్పట్టి రెండూ పెరిగినాయి. విరుదునగర్‌ను అప్పట్లో విరుదుపట్టి అనేవాళ్ళు. 1923లో ఇప్పటి పేరు వచ్చింది. పత్తికీ, మిరపకాయలకూ, నూనెకూ ధర కట్టే ఊరు అది. మా ముత్తాత బండిమీద పత్తి వేసుకొని అక్కడికి పోయి, తిరిగి వచ్చేటప్పుడు ఆముదం తెచ్చేవాడట. దీపానికి కొంత, ఇరుసుకు కొంత. గడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపితే బండికి కందెన.

ఎద్దులబండికి స్ప్రింగు లేదు. గుంతలో పడితే ఆ దెబ్బ ఇరుసు నుంచి నేరుగా వెన్నెముకకే. బరువు ఎంత వేసినా బండి ఎత్తు మారదు. అయితే చక్రం ఊడదీసేటప్పుడు ఆ బరువంతా ఎక్కడో ఒకచోట ఆనాలి. అందుకే ముత్తాత మాట ఇంట్లో మిగిలింది: "దన్ను పెట్టనిదే చెయ్యి పెట్టకు." మా అవ్వ ఈ మాట వంటింట్లో కూడా వాడేది, అటక మీది గంగాళం దించేటప్పుడు.

ఇంకో సంగతి. పత్తిని ఓడ ఎక్కించే ముందు బేళ్ళుగా అదిమే యంత్రాలలో హైడ్రాలిక్ ప్రెస్సు ముఖ్యమైనది. 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా దీనికి పేటెంటు తీసుకున్నాడు. మూసిన ద్రవం మీద ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పోతుందని అంతకు నూరేండ్లకు పైగా ముందే పాస్కల్ చెప్పినాడు. చిన్న గొట్టంలో కొంచెం నొక్కితే పెద్ద గొట్టంలో కొండంత బలం వస్తుంది. మన పత్తిని అదిమిన సూత్రమే తరువాత కారును ఎత్తింది.

లారీ కుంగడం, కారు లేవడం

1954లో టాటావాళ్ళు జర్మనీ డైమ్లర్-బెంజితో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు చేయడం మొదలుపెట్టినారు. మా తాత షెడ్డు ఆ లారీల పట్టా స్ప్రింగుల మీదే బతికింది. లోడు వేస్తే వెనక కుంగుతుంది, లోడు దించితే ఎగిరెగిరి పడుతుంది. మెత్తటి స్ప్రింగు వేస్తే లోడుకు ఆగదు, గట్టిది వేస్తే ఖాళీ బండిలో నడుము విరుగుతుంది. ఎంత మంచి కమ్మరి అయినా ఒకే పట్టాతో రెండూ సాధించలేడు.

ఆ చిక్కును విప్పింది ఫ్రాన్సులో పాల్ మాజేస్ అనే ఆయన. ఇంజనీరింగు చదువు లేదు. 1925లో, 17 ఏండ్ల వయసులో, సిట్రోయెన్ కంపెనీలో చేరినాడు. ఆయన ఆలోచన ఇది: స్ప్రింగు పని నైట్రోజన్ వాయువు చెయ్యాలి, ఎత్తు సరిచేసే పని నూనె చెయ్యాలి. ఇనుప గుండు ఒకటి, లోపల రబ్బరు పొర. పొరకు ఒక పక్క నైట్రోజన్, ఇంకో పక్క నూనె. చక్రం ఎగిరితే నూనె వాయువును నొక్కుతుంది, వాయువు మెత్తగా తోసేస్తుంది. బరువెక్కి కారు కుంగితే ఒక వాల్వు తెరుచుకొని, పంపు నుంచి ఇంకొంచెం నూనె వచ్చి కారును మళ్ళీ పాత ఎత్తుకు లేపుతుంది. బరువు దిగితే అదే వాల్వు నూనెను వెనక్కు వదిలేస్తుంది.

1954లో ఒక కారు వెనక చక్రాలకు మాత్రం పెట్టి చూసినారు. 1955 అక్టోబరులో పారిస్ ప్రదర్శనలో డీఎస్ కారు నాలుగు చక్రాలకూ ఈ ఏర్పాటుతో వచ్చింది. 1962 ఆగస్టు 22న ఫ్రాన్సు అధ్యక్షుడు డిగాల్ మీద కాల్పులు జరిగినప్పుడు, టైర్లు చిల్లులు పడినా ఆ కారు ఆయనను తప్పించింది. 1965లో రోల్స్ రాయిస్ సిల్వర్ షాడో ఇదే పద్ధతికి లైసెన్సు తీసుకుంది. బెంజివాళ్ళు తమ 123 వరుస ఎస్టేటులో వెనక భాగానికి ఇట్లాంటిదే పెట్టినారు. కాకపోతే అందులో మామూలు చుట్ట స్ప్రింగు కూడా ఉంటుంది, నూనె దానికి తోడు మాత్రమే.

ఈ తేడా ప్రాణానికి సంబంధించింది. సిట్రోయెన్‌లో ఒత్తిడి పోతే కారు పొట్ట నేలకు దగ్గరయ్యేంత దిగిపోతుంది. కింద మనిషి ఉంటే అంతే. బెంజిలో అంత దిగదు. దిగదు కదా అని ధీమాగా ఉంటే ఇంకో ప్రమాదం ఉంది. అది మా ఇంట్లోనే జరిగింది.

పెదనాయన వేలు

మా పెదనాయన హైడ్రాలిక్ నేర్చుకున్నది ట్రాక్టరు మీద. 1960లో మద్రాసులో టాఫే మొదలైనాక మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లు మన కరిసల్ కాడుకు కూడా వచ్చినాయి. వెనక మడకను నూనె బలంతో ఎత్తే బండ్లు. "పని మొదలుపెట్టే ముందు మడకను నేలకు దించు, ఎత్తింది ఏదీ నమ్మకు" అని అందరికీ చెప్పేవాడు.

1980ల చివర్లో ఒక బెంజి ఎస్టేటు షెడ్డుకు వచ్చింది. పంపు నుంచి వెనక్కు పోయే గొట్టం దగ్గర ఎక్కడో నూనె కారుతున్నది. ఇంజను నడుస్తుండగానే, చీకట్లో, పెదనాయన ఎడమచేతి చూపుడువేలితో గొట్టం వెంబడి తడిమినాడు. సూది గుచ్చినట్టు అయింది. నెత్తురు చుక్క కూడా రాలేదు. గుడ్డతో తుడుచుకొని పని ముగించినాడు.

రాత్రికి వేలు వాచింది. అవ్వ పసుపు పట్టించింది. తెల్లారేసరికి చెయ్యి మణికట్టు దాకా బిగుసుకుపోయింది. మదురైకి తీసుకుపోయినాము. డాక్టరు వేలు కోసి లోపలి నూనె కడిగినారు. అయినా కొస దక్కలేదు. "నిన్న సాయంత్రమే వచ్చి ఉంటే" అని ఆయన అన్నది ఒక్కటే మాట.

సన్నటి చిల్లు నుంచి ఒత్తిడితో వచ్చే నూనె కంటికి కనిపించదు, చర్మాన్ని సూదిలా దూరిపోతుంది. సిట్రోయెన్ వ్యవస్థలో ఒత్తిడి సుమారు 150 నుంచి 170 బార్ ఉంటుంది. కారు టైరులో ఉండేది రెండు బార్ చిల్లర. ఆ 150లో పదోవంతు చాలు చర్మం దూరడానికి. లోపలికి పోయిన నూనె కండను చంపుతూ పోతుంది. నొప్పి ఆలస్యంగా వస్తుంది కాబట్టే మోసపోతాము. అందుకే మా షెడ్డులో ఈనాటికీ చట్టం ఇది: సూది గుచ్చినట్టు అనిపిస్తే పని ఆపు, నొప్పి ఉన్నా లేకున్నా పెద్దాసుపత్రికి పో, "ఒత్తిడి మీద నూనె దూరింది" అని ఆ మాటే చెప్పు.

పెదనాయన తరువాత కూడా పని చేసినాడు. అయితే చిన్న నట్టు మొదటి చుట్టు వేలికొసతో పట్టించే పని మమ్మల్ని చెయ్యమనేవాడు. మర సరిగ్గా పడుతున్నదో లేదో ఆ వేలికి తెలిసేది. తరువాత మా వేళ్ళకు నేర్పించినాడు.

పోయిన సంక్రాంతికి చేసిన పని

పిల్లవాడి బండి కనుమ మరునాడు షెడ్డుకు వచ్చింది. చేసిన వరుస చెబుతున్నాము. ఏ బండికైనా ఆ బండి మాన్యువలే పెద్ద దిక్కు. మేము చెప్పేది దాని పక్కన పెట్టుకొని చదవండి.

ముందు రోగం ఏమిటో చూసినాము. రాత్రంతా నిలిపితే వెనక దిగుతున్నదా? అయితే ఎక్కడో కారుతున్నది. ఎత్తు బాగానే ఉండి, చిన్న గుంతకే రాయిలా కొడుతున్నదా? అయితే గుండ్లలో నైట్రోజన్ పోయింది. ఈ బండికి రెండు జబ్బులూ ఉన్నాయి. కుడి స్ట్రట్టు కారుతున్నది, గుండ్లు రెండూ చచ్చినాయి. గుండ్లు మార్చితే పోయేదానికి స్ట్రట్టులు కొని డబ్బు పోగొట్టుకున్నవాళ్ళను చూసినాము. కాబట్టి చూడకుండా కొనవద్దు. గుండ్లయినా స్ట్రట్టులయినా రెండు పక్కలా జతగానే మార్చాలి. కారే చోటు వెతకడానికి వెలుతురు, అట్టముక్క వాడినాము. చేతితో తడమలేదు.

తరువాత దన్ను. చదును నేల, ముందు చక్రాలకు అడ్డాలు, తాళంచెవి తీసి మా జేబులో. జాకీతో ఎత్తి, మాన్యువల్ చూపిన చోట ఇనుప స్టాండ్లు పెట్టినాము. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. అది కూడా నూనె మీద నిలిచేదే కదా. స్టాండ్లు పెట్టినాక కూడా తుమ్మమొద్దులు రెండూ పక్కన దూర్చినాము. "స్టాండ్లు ఉన్నాయి కదా?" అన్నాడు పిల్లవాడు. ఉన్నాయి. మొద్దులూ ఉంటాయి.

మూడోది ఒత్తిడి వదలడం. ఇంజను ఆపితే ఒత్తిడి పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. గుండులోని వాయువు దాన్ని పట్టుకొనే ఉంటుంది, దినాల తరబడి. ఎత్తు చూసే వాల్వు దగ్గర వదిలే స్క్రూ ఉంటుంది. దానికి రబ్బరుగొట్టం తొడిగి, కొసను సీసాలో పెట్టి, కళ్ళద్దాలు పెట్టుకొని, పావు చుట్టు మాత్రం తిప్పినాము. నూనె బుసకొట్టి వచ్చి, తగ్గి, ఆగింది. ఆగినాక కూడా మొదటి గొట్టం విప్పేటప్పుడు మందపు గుడ్డ కప్పి, మొహం పక్కకు పెట్టి విప్పినాము.

నాలుగోది శుభ్రం. ఇక్కడ ఒక వింత. మేము పత్తి ఊరివాళ్ళం, షెడ్డులో చేతులు తుడుచుకునేది మిల్లు వేస్టు దూదితోనే. ఈ పనికి మాత్రం దూదికి ప్రవేశం లేదు. ఒక్క పోగు వాల్వులోకి పోతే చాలు, అది మూసుకోదు. నల్లరేగడి దుమ్ము కూడా అంతే. విప్పే ముందే జాయింట్లు కడిగి, విప్పిన ప్రతి గొట్టానికీ వెంటనే మూత పెట్టినాము.

అయిదోది స్ట్రట్టు. ఈ బండిలో చక్రం కిందికి ఎంత జారాలో ఆపేది స్ట్రట్టే. దాన్ని ఊడదీస్తే చక్రం మోసే చెయ్యి జారి, చుట్ట స్ప్రింగు ఎగిరి బయటకు రావచ్చు. కాబట్టి ముందు ఆ చేతి కింద ఇంకో జాకీ ఆనించి, తరువాతే బోల్టు విప్పినాము. దన్ను మాట ఇక్కడా పనికి వచ్చింది.

ఆరోది పాత గుండ్లు. వాటిని విప్పి పక్కన పెట్టినంత మాత్రాన అవి ఖాళీ అయినట్టు కాదు. కోయరాదు, వెల్డింగు పెట్టరాదు, నిప్పు తగలనీయరాదు. నైట్రోజన్ తప్ప గాలి గానీ ఆక్సిజన్ గానీ నింపరాదు. నూనె ఉన్నచోట ఆక్సిజన్ నొక్కితే అది బాంబే. పాత సామాన్ల కొట్టుకు ఊరికే పారేయకుండా, ఈ పని తెలిసినవాళ్ళకు అప్పజెప్పినాము.

ఏడోది నూనె. పాత బ్రేకు ఆయిళ్ళు చాలావాటికి ఆముదమే ఆధారం. సిట్రోయెన్‌వాళ్ళు తరువాత ఎర్ర సింథటిక్ ద్రవం వాడి, 1966 నుంచి ఆకుపచ్చ ఖనిజనూనెకు మారినారు. ఎర్రదానికి చేసిన రబ్బరు పచ్చదానికి పనికిరాదు, పచ్చదానికి చేసింది ఎర్రదానికి పనికిరాదు. ఒక గ్లాసు తప్పు నూనె పోస్తే వ్యవస్థలో ఉన్న రబ్బరంతా ఉబ్బి పాడవుతుంది. రోల్స్ రాయిస్‌లోనూ 1980లో సిల్వర్ స్పిరిట్ వచ్చినప్పుడు ఇదే మార్పు. పైగా సిట్రోయెన్, రోల్స్ రాయిస్ బండ్లలో ఈ ఒత్తిడే బ్రేకులకు కూడా పోతుంది. నూనె తప్పితే బ్రేకే తప్పుతుంది. పిల్లవాడు తెచ్చిన డబ్బా మీది నంబరు, మాన్యువల్‌లోని నంబరు పక్కపక్కన పెట్టి అతనితోనే చదివించినాము.

కొత్త సీళ్ళు వేసి, గొట్టాల నట్లు మొదటి మూడు చుట్లు స్పానరు లేకుండా చేతివేళ్ళతోనే పట్టించినాము. పెదనాయన నేర్పినట్టు. తరువాతే రెంచి. రబ్బరు బుష్‌ల బోల్టులు మాత్రం చక్రాలు నేలకు ఆని, బండి తన ఎత్తులో నిలిచినాకనే బిగించినాము. లేకపోతే రబ్బరు మెలిపడి కొన్నాళ్ళకే చిరుగుతుంది.

లేచి నిలిచింది

బండిని నేలకు దించి, నూనె నింపి, అందరినీ దూరంగా నిలబెట్టినాము. కింద ఎవరూ లేరని వంగి చూసి, పేర్లు పిలిచి లెక్కపెట్టి, అప్పుడు ఇంజను వేసినాము. ఈ బండి తనంతట తాను కదులుతుంది కాబట్టి ఇంజను వేసేది ఒక్కడే ఉండాలి, కింద దూరేవాడు ఎవడూ ఉండకూడదు. కొంచెంసేపు ఏమీ కాలేదు. తరువాత వెనక భాగం ఎద్దు మోకాళ్ళ మీద నుంచి లేచినట్టు మెల్లగా లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టినారు. వెనక ముగ్గురిని కూర్చోబెట్టినాము. కుంగి, మళ్ళీ లేచింది. దిగమన్నాము. పైకి పోయి, సర్దుకుంది. నూనె మట్టం మళ్ళీ చూసి, మెల్లగా సాత్తూరు దాకా నడిపి వచ్చి, ప్రతి జాయింటునూ అట్టముక్కతో చూసినాము. రాత్రంతా నిలిపి పొద్దున కొలిచినాము. దిగలేదు.

ఈ రకం బండ్ల కాలం ఇప్పుడు పోతున్నది. సిట్రోయెన్ తన నూనె-వాయువు సస్పెన్షన్‌ను 2017లో చివరి సీ5 కారుతో ఆపేసింది. 2021లో ఆ కంపెనీ మన దేశంలో అమ్మకాలు మొదలుపెట్టి, మన తమిళనాడులోనే తిరువళ్ళూరులో కార్లు చేస్తున్నది. వాటిలో మాజేస్ గుండ్లు లేవు. పాత బండ్లు ప్రేమతో పెట్టుకున్నవాళ్ళు మాత్రం ఉన్నారు, మన పిల్లల్లోనూ ఉన్నారు. హ్యూస్టన్‌లోనో సిడ్నీలోనో ఇంటి గరాజులో ఒంటరిగా ఈ పని చేస్తుంటారు. వాళ్ళకు చెప్పేది ఇదే. ఒంటరిగా చెయ్యవద్దు, కేక వేస్తే వినేంత దూరంలో ఒక మనిషిని పెట్టుకోండి. ఒత్తిడి వదలడానికి చెయ్యి తిరగకపోతే తెలిసినవాడికి ఇవ్వండి, అందులో నామోషీ లేదు.

పిల్లవాడు కోయంబత్తూరుకు బయలుదేరేముందు తుమ్మమొద్దులు అడిగినాడు. ఇవ్వలేదు. ఇక్కడ కమ్మరి చేత రెండు మంచి ఇనుప స్టాండ్లకు అడుగుపలకలు వేయించి ఇచ్చినాము. మొద్దులు షెడ్డులోనే ఉంటాయి. అతను మళ్ళీ రావాలి, వచ్చినప్పుడు మూలన వాటిని చూడాలి, పెదనాయన వేలు గుర్తుకు రావాలి.